కాకికిచ్చిన మాట

వాషింగ్ మిషిన్ కొనుక్కునుడు ఏమన్న తప్పా చెప్పున్రి? అమీర్‌పేటల ఎవరింట్ల లేదు? బల్కంపేటకు పోయే తొవ్వల, లోపలి గల్లీల, మహిపాల్‌ది రెండర్రల ఇల్లు. ముంగట చిన్న వరండా. అండ్ల నల్లా ఒక దిక్కు, కరెంటు బోర్డు ఒక దిక్కు, నడిమిట్ల గోడకు ఆనిచ్చి ఆయన బాపు ఓదెలు సైకిల్. మిషిన్ పెట్టాలంటే ఆ నడిమి జాగ తప్ప ఇంకోటి లేదు. మిషిన్ తెచ్చినోళ్లు గేటు కాడ నిలవడి "అన్నా, ఎక్కడ దించాలె? జల్ది చెప్పు" అని తొందర పెట్టిన్రు. మహిపాల్ సైకిల్ దిక్కు చూసిండు. పాత సామాన్లు కొనే వాజిద్‌కు ఫోన్ చేసిండు. గంతే. అంత పెద్ద పని అంత సులువుగ అయిపోయింది.

వాజిద్ వచ్చి సైకిల్ చుట్టూ ఒక తాప తిరిగిండు. సీటు మీద చెయ్యేసి తీసిండు.

"సోచ్‌లో మహిపాల్ భాయ్, ఆలోచన చేస్కో. మీ అబ్బాజాన్ బండి ఇది. మళ్ల కావాలంటే నా తాన ఉండదు."

"తీస్కపో భాయ్. జాగ లేదు."

మహిపాల్ తల్లి సత్తెమ్మ కడప మీద కూసోని అన్నీ చూసింది. వద్దు బిడ్డా అనలే, సరే అనలే. సైకిల్ గల్లీ మలుపు తిరిగేదాక చూసి, కొంగు దులుపుకొని లోపటికి పోయింది.

ఆ సైకిల్ సంగతి చెప్పకుంటే మీకు ఈ కథల ఏమీ తెల్వది. అది ఇంగ్లండుల తయారైన రాలీ సైకిల్. తీగ బ్రేకులు కాదు, ఇనుప కడ్డీల బ్రేకులు. తోలు సీటు, దాని కింద స్ప్రింగులు. ఎనుక చక్రానికి డైనమో. మహిపాల్ వాళ్ల బాపు ఓదెలు సనత్‌నగర్‌ల ఒక కార్ఖానాల ఫిట్టర్. ఆ కార్ఖానా పాత మేనేజర్ పోతూ పోతూ ఇచ్చిపోయిన సైకిల్ అది. ఓదెలు రిటైరయ్యేదాక దాని మీదనే డ్యూటీకి పోయిండు. ఆయితారం వచ్చిందంటే కిరసనాయిలు గుడ్డతోని ఒక్కో పుల్లా తుడుస్తుండె. దసరాకు పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిచ్చి, అప్పుడు ఎక్కేటోడు. ఇంట్ల మనుషులకు సుత అంత మర్యాద లేకుండె.

ఆఖరుకు షుగర్ ముదిరి ఓదెలు కాళ్లు మొద్దుబారినయి. చీమ కుట్టినా తెల్వది, మేకు దిగినా తెల్వది. రోడ్డు మీదికి పోనియ్యలే ఇంట్లోళ్లు. మరి ఊకుంటడా? పొద్దుమూకంగనే గోడ పట్టుకొని వచ్చి, స్టాండేసిన సైకిల్ ఎక్కి కూసునేటోడు. ఉన్నకాడనే తొక్కుతుండె. ఎనుక చక్రం గాలిల తిరుగుతుండె, డైనమో గుర్రుమంటుండె, ముంగటి లైటు గోడ మీద గుండ్రంగ పడుతుండె. మనవరాలు మధులత పక్కన పీటేసుకొని కూసునేది.

"తాతా, ఎక్కడున్నవ్?"

"బల్కంపేట దాటిన బిడ్డా."

జరసేపైనంక మళ్ల "తాతా, ఎక్కడున్నవ్?" అంటే, "సనత్‌నగర్ వచ్చిన. గేటు తీస్తున్నరు" అనేటోడు. ఇద్దరు పడి పడి నవ్వుతుండిరి.

గట్ల తొక్కుకుంటనే పోయిండు ఓదెలు. నిరుడు వానకాలం ముంగట ఒకనాటి మాపు లైటు బంద్ అయితే, మధులత పోయి చూసింది. తాత హ్యాండిల్ మీద తల పెట్టి పడుకున్నట్టే ఉన్నడు.

మహిపాల్ ఏడ్వలే. ఎంత మంది పట్టుకొని ఏడ్చినా ఆయన కండ్లల్ల సుక్క రాలే. పంజాగుట్ట స్మశానంల కొరివి పెట్టేటప్పుడు సుత ఎవరి బాపుకో పెడుతున్నట్టే అనిపించింది. పన్ను పీకేటందుకు సూదిచ్చినంక దవడ ఎట్లుంటదో, గట్లుండె మనసు. అది తన దవడే అని తెలుస్తది, గని నొయ్యది.

మూడొద్దులకు పిట్టకు పెట్టిన్రు. ఓదెలుకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరి నిండ కూర, బువ్వ, పక్కన కల్లు, ఒక బీడి కట్ట. అందరు దూరం జరిగి నిలవడ్డరు. పిట్టకు పెట్టేటప్పుడు పోయినోళ్లను పేరు పెట్టి పిలువాలె. ఊకె రా రా అనొద్దు. పేరు లేకుండ పిలిస్తే అక్కడ ఆకలి మీదున్నోళ్లు ఎవరన్న వస్తరు. సత్తెమ్మ పెనిమిటి పేరు తియ్యది. కొడుకుకు సుత బాపును పేరు పెట్టి పిల్చుడంటే నాలుక తిరగలే, పుట్టి బుద్ధెరిగి ఎన్నడన్న పిలిస్తే గద! గని తప్పదాయె. "ఓదెలూ... ఓదెలూ రా" అని పిలిచిండు. కాకి రాలే. స్మశానం గోడ మీద కాకులు బారు కట్టి కూసున్నయి, గని ఒక్కటి దిగలే. ఎండ నెత్తికెక్కింది. చుట్టాలు "ఏం కోరిక మిగిలిందో, మొక్కున్రి" అని గుసగుసలు పెట్టిన్రు.

అప్పుడు సత్తెమ్మ ముంగటికొచ్చి చేతులు జోడిచ్చింది.

"ఓ అయ్యా, నీ సైకిల్ యాడికి పోదు. నీ జాగల్నే ఉంటది. నీ కొడుకు మాటిస్తుండు."

మహిపాల్ తలూపిండు. తలూపిండో లేదో, ఒక కాకి రివ్వున దిగి కూర ముక్క ఎత్తుకపోయింది. అందరు హమ్మయ్య అనుకొని తానాలకు పోయిన్రు.

ఆ మాటిచ్చినోడే సైకిల్ అమ్మిండు. అదీ సంగతి.

అమ్మిన తెల్లారి మహిపాల్ మైత్రీవనం కాడ తన జిరాక్స్ దుకాణానికి పోతూ అలవాటుగ వరండాల చెయ్యి చాపిండు. పొద్దుగాల పోయేటప్పుడు సీటు మీద ఒక దెబ్బేసి పోవుడు ఆయన అలవాటు. చెయ్యి పోయి మిషిన్ రేకుకు తగిలింది, సల్లగ. గోడకు హ్యాండిల్ రాసుకొని రాసుకొని పడ్డ నల్లటి గీత మాత్రం అట్లనే ఉన్నది. ఎందుకమ్మితినిరా అనుకున్నడు. దినమంత జిరాక్స్‌లు తీసుకుంట అదే అనుకున్నడు. తప్పు చేసిన అని తెలుస్తుంది, గని ఏడుపు మాత్రం వస్తలేదు.

ఆ మాపే మహిపాల్ పెండ్లాం ఉదయలక్ష్మి బట్టలేసి మిషిన్ పెట్టి వంటింట్లకు పోయింది. బట్టలు పిండేటప్పుడు మిషిన్ గుర్రుమన్నది. మధులత పీటేసుకొని దాని పక్కన కూసున్నది.

"తాతా, ఎక్కడున్నవ్?"

లోపట చాయ్ తాగుతున్న మహిపాల్‌కు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వలే.

"ఏమన్నడే తాత?" అని అడిగిండు ఊకెనే.

"ఒక హోటల్ గోడ మీద ఉన్నడట డాడీ. కాళ్లు కిందికి అందుతలేవట."

పోరికి ఇట్లాంటివి మస్తు తోస్తయి అనుకున్నడు. తెల్లారి వాజిద్ కలిసిండు. "మీ సైకిల్ మంచి జాగకు పోయింది భాయ్. పంజాగుట్టల, స్మశానం అవతలి గల్లీల కొత్త కాఫీ హోటల్ పెట్టిన్రు. షోకు కోసం గోడకు బిగిచ్చిన్రు" అన్నడు. మహిపాల్ చేతిల కాయితాలు జారి కింద పడ్డయి. ఆ ముచ్చట ఇంట్ల ఎవరికీ తెల్వదు.

ఇగ ఆడికెళ్లి మొదలైంది.

"తాత కిందికి దిగిండట డాడీ. నడిచొస్తుండట. చెప్పులు లేవట."

ఇంకొక మాపు, "చౌరస్తా కాడున్నడట. రోడ్డు దాటనిస్తలేరట బండ్లోళ్లు."

మరొక మాపు, "మెట్రో పిల్లర్ల కింద కూసున్నడట. కాళ్లల్ల గాజు పెంకులు గుచ్చుకున్నయట. తెలుస్తలేదట."

ఓదెలు ఎంత దగ్గరికొస్తుంటే మధులత కాళ్లు అంత మొద్దుబారవట్టె. ముందుగాల వేళ్లు. తర్వాత మడిమెలు. బడి మెట్ల మీద చెప్పు జారిపోయినా పిల్లకు తెల్వలే, వట్టి కాలుతోనే ఇంటికొచ్చింది, అరికాలు చీరుకపోయి. డాక్టరు సూదితోని గుచ్చి చూసిండు. పిల్ల "ఏం చేస్తున్నరు అంకుల్?" అని అడిగింది. డాక్టరు మొఖం మారింది. పరీక్షలన్నీ మంచిగనే వచ్చినయి, బలానికి గోలీలు రాసిచ్చిండు.

ఆ దినం మాపటికి మోకాళ్ల దాక పోయినయి కాళ్లు. బయట వాన. మొగులు నల్లగ కమ్మి, దీపాలు పెట్టే యాళ్లకే చిమ్మచీకటైంది. ఉదయలక్ష్మి పనిచేసే బట్టల దుకాణం కాడ నీళ్లు నిలవడి, ఆమె ఆడనే ఇరుక్కపోయింది. మధులత మిషిన్ పక్కన గోడకానుకొని కూసున్నది. మిషిన్ బంద్ ఉన్నది. కరెంటే లేదు. అయినా అండ్లకెళ్లి గుర్రుమని సప్పుడు వస్తనే ఉన్నది...

"తాతా, ఎక్కడున్నవ్?" అన్నది పిల్ల. కొంచెం ఆగి తండ్రి దిక్కు తిరిగింది. "మైత్రీవనం దాటిండట డాడీ. నీ దుకాణం కాడ నిలవడ్డడట. నువ్వు లేవట."

సత్తెమ్మ లేచి కొడుకు రెక్క పట్టుకున్నది. సైకిల్ అమ్మినకాడికెళ్లి ఆమె ఆ ముచ్చట తీసుడు అదే మొదలు.

"మీ బాపుకు ఇచ్చిన మాట తప్పితివి కొడుకా. ఆయనకు కూసునే జాగ లేదిప్పుడు. ఇంట్లకొచ్చి యాడ కూసుంటడు? పిల్ల కాళ్ల మీద కూసుంటుండు. పో, సైకిల్ తెచ్చి దాని జాగల పెట్టు."

"ఇప్పుడా అమ్మా?"

"ఇప్పుడే. దాని మీద చెయ్యేసి మీ బాపును పేరు పెట్టి చెప్పు, నీ సైకిల్ ఇంటికి పోతుందని. పేరు పెట్టి చెప్పు, యాదుంచుకో."

మహిపాల్ తడుసుకుంట ఉరికిండు. మెట్రోల పంజాగుట్ట దాక పోయి, ఆడికెళ్లి ఉరికిండు.

కాఫీ హోటల్ అనుదీప్ అనే పిలగాడిది, భీమవరం దిక్కువాడు. గోడ మీద, పసుపు బుగ్గ లైటు కింద, ఓదెలు సైకిల్ గాలిల ఉన్నది. హ్యాండిల్‌కు ప్లాస్టిక్ పువ్వులు చుట్టిన్రు. మహిపాల్ ఏం చెప్పాల్నో తెల్వక "అది మా బాపుది" అన్నడు.

అనుదీప్ మొఖం తేటపడ్డది. "మీదేనాండీ? బాబ్బాబు, తీసుకెళ్ళిపోండి. నాకేం ఇవ్వక్కర్లేదు. పొద్దుగూకితే చాలు, దాని లైటు దానంతటదే వెలిగేదండీ. చక్రం తిరక్కుండానే! కస్టమర్లు అటుపక్క కూర్చోవడమే మానేశారు."

"ఇప్పుడు ఎలుగుతలేదు గద?"

"ఈ మధ్య ఆగిపోయింది లెండి. ఎందుకో మరి."

ఎందుకో మహిపాల్‌కు తెలుసు. ఇద్దరు కలిసి మేకులు ఊడపీకి సైకిల్ కిందికి దించిన్రు. పక్క పంక్చర్ దుకాణంల గాలి కొట్టిచ్చుకొని మహిపాల్ ఎక్కిండు. ఎన్నేండ్లాయె ఆ సీటు మీద కూసోక! స్ప్రింగులు కిర్రుమన్నయి. డైనమో ఆనిచ్చి రెండు తొక్కులు తొక్కంగనే లైటు ఎలిగింది. తడి రోడ్డు మీద గుండ్రంగ, ఎర్రగ పడ్డది ఎలుగు.

స్మశానం గేటు ముంగటికి వచ్చేసరికి వాన జోరైంది. వీధి లైట్లు లేవు. బండ్లు సుత ఆ నిమిషంల ఒక్కటి లేకుండె, సిగ్నల్ పడ్డదో ఏమో. గేటు అవతల తడి కట్టెల వాసన. ఇక్కడనే గద, ఈ గోడ ఎనుకనే గద మాటిచ్చింది... మహిపాల్ కాలు కింద పెట్టి ఆగిండు. సీటు మీద చెయ్యేసిండు. తోలు మీద బాపు కూసున్న గుంట అట్లనే ఉన్నది, చేతికి తెలిసింది.

అప్పుడొచ్చింది ఏడుపు. నిరుటికెళ్లి రాని ఏడుపు అంత ఒక్కపారి వచ్చింది. చిన్న పిలగాడి లెక్క ఎక్కెక్కి ఏడ్చిండు. ఎందుకమ్మితిని? గుడ్డలు పిండే మిషిన్ కోసం బాపును ఇంట్లకెళ్లి ఎల్లగొడితినా? ఏడ్చే మనిషికి అమ్మ చెప్పింది ఏం యాదికుంటది? పేరు నోట్లకు రాలే. పుట్టినప్పటి సంది పిల్చిన పిలుపే వచ్చింది.

"బాపూ... తప్పైంది బాపూ. నడువకు ఇగ. ఎక్కు. ఇంటికి పోదాం."

గేటు కిర్రుమన్నది.

ఎనుక క్యారియర్ కిందికి దిగింది. టైరు కొంచెం అణిగింది. మనిషి కూసున్నప్పుడు ఎట్ల అణుగుతదో గట్ల.

భయం కాలే మహిపాల్‌కు. సంతోషమైంది! కండ్లు తుడుసుకొని తొక్కుడు మొదలు పెట్టిండు. బరువు మస్తుంది, అయినా తొక్కిండు. ముచ్చట్లు పెట్టిండు. "యాదున్నదా బాపూ, ముంగటి కడ్డీ మీద కూసోబెట్టుకొని నన్ను సనత్‌నగర్ తీస్కపోతుంటివి. గంట నేనే కొడతా అని ఏడుస్తుంటి..." ఎనుకకెళ్లి మాట లేదు. బాపు ఎప్పుడూ తక్కువనే మాట్లాడేటోడు గద. మెట్రో కింద వాన ఆగింది, పైనకెళ్లి రైలు పోయింది. నడుము మీద రెండు చేతులు పడ్డయి. సల్లగున్నయి. గట్టిగ పట్టుకున్నయి.

ఓదెలు ఎన్నడూ క్యారియర్ మీద కూసోలే. తన సైకిల్ ఇంకొకరిని తొక్కనిస్తే గద కూసునేటందుకు. ఆ ముచ్చట ఇప్పుడు యాదికొచ్చింది మహిపాల్‌కు. బాపు దగ్గర కిరసనాయిలు, బీడి కలిసిన వాసన రావాలె. ఎనుకకెళ్లి వస్తున్నది ఆ వాసన కాదు... తడి బూడిద వాసన.

మైత్రీవనం దాటుతుంటే ఫోన్ మోగింది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకొని, స్పీకర్ పెట్టి, అంగి జేబుల ఏసుకున్నడు.

"డాడీ!" మధులత గొంతు. ఎన్నొద్దులకో ఉషారుగ ఉన్నది. "నా కాళ్లు మంచిగైనయి! లేచి నిలవడ్డ! తాత వచ్చేసిండు డాడీ. మిషిన్ పక్కన నిలవడ్డడు. బాపమ్మ ఏడుస్తుంది."

మహిపాల్ జేబు దిక్కు తల వంచిండు.

"ఎ... ఎప్పుడొచ్చిండు?"

"మస్తుసేపాయె. నీ సైకిల్ లైటు ఎలిగినప్పుడే వచ్చిండట."

నడుము మీద చేతులు ఇంకింత బిగిసినయి.

"డాడీ... తాత నిన్ను ఎనుకకు చూడొద్దంటుండు."

మహిపాల్ చూడలే.

"దించినంకనే ఇంటికి రమ్మంటుండు. గల్లీలకు మలుపకు అంటుండు. ఎవరిని డాడీ? ఎవరిని తెస్తున్నవ్?"

పేరు పెట్టి పిలువలే. ఎక్కు అన్నడు, ఎవరో ఎక్కిన్రు. బాపూ అని పిల్చేటందుకు ఎవరూ మిగలనోళ్లు ఆ గోడ ఎనుక ఎంతమంది ఉన్నరో. ఎవరో ఆ పిలుపుకు కనిపెట్టుకొని ఉన్నరు. గది ఇప్పుడు సమజైంది.

గల్లీ మలుపు వచ్చింది. పాన్ డబ్బా ఎలుగు కనవడ్డది. మహిపాల్ పండ్లు బిగబట్టి హ్యాండిల్ మలుపకుండ సీద ఉంచిండు. ఇల్లు ఎడమ దిక్కు పోయింది. తొక్కిండు. తొక్కుతనే ఉన్నడు. బ్రేకు పట్టిండు. కడ్డీలు కదిలినయి, సైకిల్ ఆగలే. కాళ్లు దించుదామనుకున్నడు. కాళ్లు లేవు. ఉన్నయి గని తెలుస్తలేవు... మోకాళ్ల కింద ఏమీ లేదు. పెడళ్లు మాత్రం తిరుగుతున్నయి.

ఏడుపు సుత ఆగిపోయింది. భయం సుత పోయింది. మళ్ల అంత మొద్దుబారింది లోపట. ఒక్కటే తెలుస్తుంది, దీన్ని ఇంటికి తోల్కపోవద్దు. ఎంత దూరమన్న సరే, తొక్కుకుంట పోవాలె.

బల్కంపేట దాటింది. దుకాణాలన్నీ చీకటి.

"డాడీ, వినొస్తుందా? ఎక్కడున్నవ్ డాడీ?"

బల్కంపేట దాటిన బిడ్డా, తలుపు తియ్యకు. గట్ల చెప్దామని నోరు తెరిచిండు. పెదవులు కదిలినయి. గొంతు రాలే.

మెడ ఎనుకకెళ్లి, చెవు పక్కన, మహిపాల్ గొంతే చెప్పింది. మెల్లగ, ప్రేమగ...

"ఇగో వచ్చిన బిడ్డా. గేటు కాడున్న. తడుస్తున్న, తలుపు తియ్యి."

క్యారియర్ స్ప్రింగులు కిర్రుమన్నయి. సైకిల్ తేలికైంది.

జేబుల ఫోన్లకెళ్లి గడియ తీసిన సప్పుడు వినొచ్చింది.